పచ్చజాజికి వాసన లేకపోతేనేం

పోయిన మార్చిలో మా ఊళ్ళోనే, అంటే ఉత్తర కరోలినాలోని కేరీలో, ఒక స్నేహితురాలి గృహప్రవేశానికి వెళ్ళాను. పెరటి గుమ్మం పక్కన కొత్తగా నాటిన తీగను ఆమె ఎంతో మురిపెంగా చూపించింది. అప్పటికే దాని నిండా సన్నాయి మూతుల్లాంటి పసుపుపచ్చని పూలున్నాయి. దగ్గరికి వెళితే తియ్యని వాసన వస్తోంది. "ఇన్నాళ్ళకు చలికి చావని మల్లె దొరికిందండీ, ఇక శీతాకాలం వచ్చిందంటే కుండీలను గరాజులోకి మోసే పని తప్పింది" అని ఆమె చెబుతుంటే ఆ సంతోషాన్ని పాడుచేయడానికి నాకు మనసొప్పలేదు. తీగకు ఇంకా వేలాడుతున్న చీటీ మీద కరోలినా జాస్మిన్ అని ఉంది. దానిని పందిరి మీదికి పాకించి, కింద ఉయ్యాల వేయాలనీ, పూలు పూజకూ పిల్ల జడకూ పనికొస్తాయనీ ఆమె ఆలోచన. భోజనాలయ్యాక, పక్కన ఎవరూ లేని సమయం చూసి అసలు సంగతి చెప్పాను. అది మల్లె కాదు, జాజీ కాదు. దాని పువ్వు, ఆకు, వేరు, చివరికి పువ్వులోని తేనె కూడా విషమే. ఆమె ముఖం చిన్నబోయింది. కాసేపాగి, "చలికి తట్టుకునే అసలైన పచ్చజాజి మీ ఇంట్లో ఉందన్నారుగా, దానికి వాసన ఉంటుందా?" అని అడిగింది. ఉండదన్నాను. "మరి అదెందుకండీ?" అంది.

ఆ పూట ఆ మాటకు నా దగ్గర సరైన సమాధానం లేకపోయింది. ఇంటికి వచ్చి, మా వంటింటి కిటికీ ఎదురుగా ఏటవాలు నేల మీద ఎనిమిదేళ్ళుగా పెరుగుతున్న పొదను చూస్తూ చాలాసేపు ఆలోచించాను. వాసన లేదన్న ఒక్క కారణంతో ఈ మొక్కను మన పెరళ్ళ నుంచి వెలివేయడం పొరపాటని నేను నమ్ముతాను. పైగా పచ్చపూల జాజుల విషయంలో ముక్కు చెప్పిన మాట విని నడుచుకుంటే, మంచి మొక్కను వదిలేసి విషపు తీగను ఇంటికి తెచ్చుకుంటాం. మా స్నేహితురాలి విషయంలో జరిగింది సరిగ్గా అదే.

ఎండు పుల్లలకు పూలు

మా రెండో పిల్ల పుట్టినప్పుడు అమ్మ డిసెంబరులో ఇక్కడికి వచ్చింది. మైలవరం వైపు మల్లెతోటల మధ్య పుట్టి పెరిగిన మనిషికి ఆకులన్నీ రాలిన ఈ ఊరి శీతాకాలం దిగులు పుట్టించింది. సాయంత్రం అయిదింటికే చీకటి పడడం, బయట పక్షి అరుపు కూడా వినిపించకపోవడం చూసి, పంచాంగంలో సంక్రాంతి ఉన్నా కళ్ళకు కనిపించడం లేదని అనేది. జనవరి రెండో వారంలో ఒక ఉదయం కిటికీ దగ్గర నిలబడి నన్ను పిలిచింది. "అమ్మాయ్, ఆ ఎండు పుల్లలకు పూలేమిటే?"

అవి ఎండు పుల్లలు కావు. ఈ జాజికి ఆకులు రాలిపోయినా కొమ్మలు ఆకుపచ్చగానే ఉంటాయి. పలకలు దేరిన ఆ సన్నని కొమ్మల మీద కణుపు కణుపుకూ ఎర్రని చాయ ఉన్న మొగ్గలు కట్టి, ఒక్క ఆకైనా రాకముందే పసుపు పూలు విచ్చుకుంటాయి. వృక్షశాస్త్రంలో దీని పేరు జాస్మినం న్యూడిఫ్లోరం, అంటే ఆకుల ఆచ్ఛాదన లేకుండా పూసే జాజి. చైనా దేశస్థులు దీనిని ఇంగ్‌చున్ అంటారు; వసంతానికి ఎదురేగి స్వాగతం పలికేదని ఆ మాటకు అర్థం. 1844లో రాబర్ట్ ఫార్చ్యూన్ అనే మొక్కల అన్వేషకుడు దీనిని చైనా నుంచి ఇంగ్లండుకు చేర్చాడు.

అమ్మ శాలువా కప్పుకొని వెళ్ళి నాలుగు పూలు కోసుకొచ్చింది. అలవాటుగా ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, "వాసన లేదే" అని నిరాశపడింది. ఆ రోజంతా ఆ పూల ఊసెత్తలేదు. మర్నాడు పొద్దున్న చూస్తే మాత్రం దేవుడి పటం ముందు ఇత్తడి గిన్నెలో నీళ్ళు పోసి, అందులో గుప్పెడు పచ్చజాజులు వేసి ఉన్నాయి. నేను ఏమీ అడగలేదు, తనూ ఏమీ చెప్పలేదు. మార్చి మొదటి వారంలో పూత అయిపోయేదాకా ఆ గిన్నె అక్కడే ఉంది.

వాసన లేని పువ్వును చిన్నచూపు చూడడం మనకు కొత్త కాదు. చదువు లేని మనిషిని వాసన లేని మోదుగుపువ్వుతో పోల్చిన నీతిశ్లోకం మనలో చాలామందికి బడిలోనే కంఠతా వచ్చి ఉంటుంది. అయినా మన ఆచరణ ఆ శ్లోకం ప్రకారం నడవలేదు. మందారానికి వాసన ఎక్కడుంది? శంఖుపువ్వుకు ఉందా, నూరువరహాలకు ఉందా? ఇవి లేని పెరడు మన ఊళ్ళల్లో అరుదు. వీటిని పూజకు పనికిరావని ఎవరూ పక్కన పెట్టరు. మందారాన్ని వాసన లేదని తప్పుపట్టని వాళ్ళం పచ్చజాజి దగ్గరికి వచ్చేసరికి ఎందుకు చిన్నబుచ్చుకుంటున్నామంటే, మందారం అన్న పేరు మనకు వాసన వస్తుందని మాట ఇవ్వలేదు, జాజి అన్న పేరు ఇచ్చింది. అంటే మనం మొక్క మీద చేస్తున్న ఫిర్యాదు నిజానికి పేరు మీద ఫిర్యాదు.

పచ్చ అన్న మాట, జాజి అన్న మాట

పేరు సంగతి కాస్త వివరంగా చూడవలసిందే. మనకు పచ్చ అంటే పసుపూ అవుతుంది, ఆకుపచ్చా అవుతుంది. పచ్చగడ్డిలో ఒక అర్థం, పచ్చచామంతిలో ఇంకొక అర్థం. పసుపు జాజి మనకు బొత్తిగా తెలియనిదేమీ కాదు. అమరకోశం యూథిక అనే జాజికి పర్యాయపదాలు చెబుతూ, పూలు పసుపు రంగులో ఉంటే దాని పేరు హేమపుష్పిక అంటుంది. హిమాలయాల పొడవునా కొండవాలుల్లో పెరిగే జాస్మినం హ్యూమిలీ అనే పసుపు జాజికి పాత వృక్షనామాల పట్టికల్లో పచ్చ అడవిమొల్ల అన్న తెలుగు పేరు కనిపిస్తుంది. అడవిమొల్ల అన్న మాట నాకెంతో ఇష్టం. ఊళ్ళో మొల్లతో చుట్టరికం ఉందని చెబుతూనే, దాని నుంచి ఆశించేవన్నీ దీని నుంచి ఆశించవద్దని కూడా అది ముందే చెబుతోంది. ఈ హ్యూమిలీ యూరపు తోటలకు చేరాక ఇటాలియన్ జాస్మిన్ అయింది. ఇటలీ దాని పుట్టిల్లు కాదు. పేర్ల మీద పూర్తిగా ఆధారపడకూడదనడానికి అదొక నిదర్శనం.

పచ్చజాజులన్నీ వాసన లేనివని అనడం కూడా సరికాదు. హ్యూమిలీలో రివల్యూటం అనే రకానికి మంచి వాసనే ఉంది. మదీరా, కెనరీ దీవుల జాజి ఒకదానికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరుకు అర్థమే మిక్కిలి సువాసన గలదని. కాని చలి ప్రాంతాల్లో ఆరుబయట ధైర్యంగా నాటదగిన న్యూడిఫ్లోరానికి మాత్రం వాసన లేదు. దాని దగ్గరి బంధువు, యునాన్ ప్రాంతం నుంచి 1900లో ఎర్నెస్ట్ విల్సన్ ఇంగ్లండుకు తెచ్చిన జాస్మినం మెస్నీకి కూడా లేదనే చెప్పాలి. మెస్నీ పూలు పెద్దవి, రెండు వరసల రేకులు గలవి, ఆకు రాల్చదు, చూపుకు అదే అందగత్తె.

పూల మీద మోజుతో మెస్నీని కూడా మా తూర్పు గోడ వారన నాటాను. మూడేళ్ళు బాగా పెరిగింది. 2022లో క్రిస్మస్‌కు ముందు వచ్చిపడిన చలిగాలికి పొద మొత్తం నేలమట్టం దాకా మాడిపోయింది. వేసవికల్లా వేరు నుంచి మళ్ళీ చిగిర్చింది కాని, ఆ వసంతంలో ఒక్క పువ్వు పూయలేదు. అదే చలికి న్యూడిఫ్లోరం మీద అప్పటికే విచ్చుకున్న పూలు నల్లబడి రాలిపోయాయి. విచ్చుకోని మొగ్గలు మాత్రం అలాగే నిలిచి, జనవరి ఎండకు మళ్ళీ పూశాయి. ఆ తరువాత అడిగిన వాళ్ళకు నేను చెప్పే పేరు ఒక్కటే అయింది.

ముక్కు నమ్మిన తీగ

ఇక మా స్నేహితురాలి తీగ దగ్గరికి వస్తాను. దాని శాస్త్రనామం జెల్సీమియం సెంపర్‌వైరెన్స్. అమెరికా ఆగ్నేయ ప్రాంతపు అడవుల్లో సహజంగా పెరుగుతుంది. మా పక్క రాష్ట్రం దక్షిణ కరోలినా 1924లో దీనిని తమ రాష్ట్ర పుష్పంగా చేసుకుంది. జాజి కుటుంబంతో దీనికి సంబంధం లేదు. ఒకప్పుడు శాస్త్రజ్ఞులు దీనిని మన విషముష్టి చెట్టు ఉన్న కుటుంబంలో లెక్కించేవారంటే, దీని స్వభావం మనకు తేలిగ్గా అర్థమవుతుంది. ముష్టి గింజల్లోని విషానికి దగ్గరి సంబంధం ఉన్న పదార్థాలే ఇందులోనూ ఉన్నాయి. పిల్లలు తేనె పీల్చే హనీసకిల్ అనే పువ్వు అనుకుని ఈ పూల తేనె పీల్చిన పిల్లలు జబ్బుపడిన సందర్భాలు ఇక్కడి వైద్యులకు తెలిసినవే.

దీని గురించి నేను ఇంత గట్టిగా మాట్లాడడానికి ఒక కారణం ఉంది. ఒక వేసవిలో పెద్దపిల్లను విజయవాడ తీసుకువెళ్ళినప్పుడు, నా చిన్నతనంలో మా అన్నయ్య నాకు నేర్పిన పనిని నేను దానికి నేర్పాను. నూరువరహాల గుత్తిలో నుంచి ఒక పువ్వు పీకి, లోపలి సన్నని దారాన్ని మెల్లగా కిందికి లాగితే చివర ముత్యమంత తేనెబొట్టు నిలుస్తుంది. దానిని నాలుక మీద పెట్టుకోవడం. ఆ సెలవులంతా పిల్లకు అదే ఆట. మరుసటి మార్చిలో ఇక్కడ బడి నుంచి నడిచి వస్తూ, ఎవరిదో కంచె మీద పాకిన పచ్చపూల తీగ దగ్గర ఆగి, పువ్వు తెంపి నోటిదాకా తెచ్చింది. నేను నాలుగడుగుల వెనక ఉన్నాను. చేయి పట్టుకుని లాగేసరికి పిల్ల భయపడి ఏడ్చింది. "అమ్మా, ఇది మంచి వాసన వస్తోంది కదా, తేనె ఉంటుంది" అని ఏడుస్తూనే వాదించింది. ఆ వాదనలో తప్పేమీ లేదు. మంచి వాసన ఉంటే మంచి పువ్వు అన్న పాఠం మేమంతా కలిసి దానికి నేర్పిందే.

జెల్సీమియాన్నీ పచ్చజాజినీ వేరుగా గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. జెల్సీమియం దేనినైనా చుట్టుకుంటూ పాకే తీగ. ఆకు కణుపుకు రెండేసి చొప్పున ఎదురెదురుగా, విడి ఆకుగా, కోలగా ఉంటుంది. పువ్వు లోతైన గరాటులా ఉండి అంచున అయిదు రేకులుగా చీలుతుంది. పచ్చజాజి దేనినీ చుట్టుకోదు, కొమ్మలు వంగి జారుతాయి. దాని ఆకు మూడు చిన్న ఆకుల కూర్పు. పువ్వు ముఖం పళ్ళెంలా పరచుకుని, తరచు ఆరు రేకులతో ఉంటుంది. ఇంకా అనుమానం ఉంటే పువ్వును చీల్చి చూడాలి: జాజి జాతిలో దేనికైనా కేసరాలు రెండే, జెల్సీమియానికి అయిదు. చూసి తెలుసుకోదగిన ఇన్ని గుర్తులుండగా, చీటీ మీది పేరునూ ముక్కునూ నమ్మి మొక్క కొనవలసిన అవసరం లేదు.

నా మాటకు ఎదురుగా ఒక మంచి వాదన ఉంది. మా వీధిలో తోటపనిలో ఆరితేరిన అమెరికన్ పెద్దావిడ అది చెప్పారు. జెల్సీమియం ఈ నేలకు సొంత మొక్క, తొలి వసంతంలో బయటికి వచ్చే ఇక్కడి అడవి తేనెటీగలు కొన్ని దాని మీద ఆధారపడతాయి. నువ్వు నాటింది చైనా నుంచి వచ్చినది, కొమ్మ నేలను తాకిన చోటల్లా వేరు వేసి వ్యాపిస్తుంది కదా అన్నారు. పరాయి నేల నుంచి వచ్చి ఇక్కడ వేళ్ళూనిన నాకు ఆ మాట తగలకుండా ఎలా ఉంటుంది? దానికి నేను చాలా రోజులు ఆలోచించాను. తోటల్లో న్యూడిఫ్లోరం కాయ కాయడం చాలా అరుదు, కాబట్టి పక్షులు గింజలు మోసుకెళ్ళి అడవిలో వేసే భయం తక్కువ. కాని పక్కలకు పాకే గుణం ఉన్నమాట నిజమే, దానిని ఏటా అదుపు చేయవలసిన బాధ్యత నాదే. మెస్నీ ఆస్ట్రేలియాలో తోటలు దాటి బయట పెరిగిందన్న సంగతి కూడా మరచిపోకూడదు. జెల్సీమియాన్ని నరికివేయమని నేను ఎవరికీ చెప్పను. అడవి అంచున, పిల్లలు తిరగని చోట దానికి పూర్తి హక్కు ఉంది. నేను చెప్పేది మన ఇళ్ళ సంగతి. పువ్వు కనబడితే కోసి దేవుడికి పెట్టడం, తలలో తురుముకోవడం, పిల్ల చేతికివ్వడం మనకు అలవాటు. పచ్చగన్నేరు విషయంలో జాగ్రత్త తరతరాలుగా మనకు ఒంటబట్టి ఉంది; దాని కాయ జోలికి పోకూడదని పల్లెటూరి పిల్లలందరికీ తెలుసు. ఈ తీగ విషయంలో ఆ హెచ్చరిక మన ఇళ్ళలో ఇంకా లేదు. పైగా జాస్మిన్ అన్న పేరు ఉన్న భయాన్ని కూడా పోగొడుతోంది.

మల్లె కత్తెర పనికిరాదు

పచ్చజాజిని మల్లె బదులుగా భావించడం వల్ల నాకు జరిగిన నష్టం కూడా చెప్పాలి. మా మేనమామ మల్లెతోటలో చలికాలం పని ఎలా ఉంటుందో చిన్నప్పుడు చూశాను. నీరు కట్టడం ఆపేసి, ఆకు రాల్చి, కొమ్మలను సగానికి కత్తిరిస్తారు. ఆ తరువాత నీళ్ళూ ఎరువూ ఇస్తే కొత్త చిగుళ్ళ చివర మొగ్గలు కడతాయి. మల్లె పూసేది కొత్త కొమ్మకు. ఆ జ్ఞానంతోనే, మొక్క నాటిన రెండో ఏడాది డిసెంబరు చివర మా పచ్చజాజిని కూడా శ్రద్ధగా, ఒక్క కొమ్మ వదలకుండా కత్తిరించాను. ఆ శీతాకాలం అది ఒక్క పువ్వు పూయలేదు. చలికి దెబ్బతిన్నదేమో, మా ఎర్రని బంకమట్టి పడలేదేమో అనుకున్నాను. కత్తిరించి పారేసిన పుల్లల మీది మొగ్గలే ఆ ఏటి పూత అని తెలిశాక ఎంతో బాధ కలిగింది.

ఈ జాజి పూసేది కిందటి ఏడు పెరిగిన కొమ్మకు. మార్చిలో పూత ముగిసిన వెంటనే కత్తిరిస్తే, వేసవంతా పెరిగే కొత్త కొమ్మ వచ్చే జనవరికి మొగ్గ కడుతుంది. ఆగస్టు దాటాక కత్తెర ముట్టించకూడదు. ఇంటి ముందు కంచెలను అక్టోబరులో యంత్రంతో గుండ్రంగా చెక్కే పనివాళ్ళకు ఈ సంగతి ముందే చెప్పకపోతే, వాళ్ళు కూడా నేను చేసిన పనే చేస్తారు. ఒక ఏడు చేశారు కూడా. ముదిరిన పొదలో నేల దగ్గరి నుంచి ఏటా నాలుగో వంతు పాత కొమ్మలను తీసివేస్తే చాలు. అంతకు మించి అది అడిగేది తక్కువ. రోజులో సగమైనా ఎండ తగలాలి, నీరు నిలవకూడదు, నాటిన మొదటి వేసవి తడి ఆరనివ్వకూడదు. వేరు పట్టాక బంకమట్టిలోనూ బతుకుతుంది. నాలుగడుగుల ఎత్తు పెరిగి ఆరేడడుగుల వెడల్పు పరచుకుంటుంది కాబట్టి గుమ్మం పక్కన ఇరుకులో కాక, కొమ్మలు కిందికి జారడానికి వీలున్న గట్టు మీదో ఏటవాలు మీదో నాటాలి. అన్నిటికంటె ముఖ్యం, శీతాకాలంలో మనం ఎక్కువసేపు నిలబడే కిటికీకి ఎదురుగా నాటడం. జనవరిలో ఈ ఊళ్ళో పెరట్లో కూర్చుని వాసన పీల్చే వాళ్ళు ఎవరూ ఉండరు. తలుపులన్నీ మూసి ఉంటాయి, అద్దంలో నుంచి చూడడమే. మల్లె వేసవి రాత్రి చీకట్లో కళ్ళకు కనిపించకుండానే తన ఉనికి చెబుతుంది. చీకట్లో వాసనే దానికి దారి. పచ్చజాజికి మూసిన అద్దం అవతలి నుంచి చెప్పుకోవలసి వచ్చింది, దానికి రంగు చాలు. మా స్నేహితురాలి "ఎందుకండీ" అన్న ప్రశ్నకు నాకు దొరికిన జవాబు ఇదే.

ఈ దేశంలో చలి ఉన్న చోట్ల స్థిరపడిన మన వాళ్ళకే ఈ మాట చెబుతున్నాను. విజయవాడలోనో ఖమ్మంలోనో ఉన్నవాళ్ళు దీనికోసం వెతకవలసిన పని లేదు. చలికాలమే లేనిచోట చలికాలపు పువ్వుతో పనేముంది, అక్కడ పెరటి నిండా గుండుమల్లె ఉండగా! ఇది మల్లె లేని లోటు తీరుస్తుందని కూడా నేను చెప్పను. ప్రతి నవంబరులో రెండు మల్లె కుండీలను నేను ఇప్పటికీ గరాజులోకి మోస్తున్నాను, ఏప్రిల్లో బయటికి తెస్తున్నాను, మే నెలలో మొదటి మొగ్గ కోసం ఎదురుచూస్తున్నాను. ఆ ఎదురుచూపును పచ్చజాజి తగ్గించలేదు. అది మల్లె లేని అయిదారు నెలల్లో రెండు నెలలను తనవిగా చేసుకుంది, అంతే.

గృహప్రవేశమైన నెలకు మా స్నేహితురాలు ఫోను చేసి, ఆ తీగను వేళ్ళతో సహా చేతి తొడుగులు వేసుకుని తవ్వి తీయించానని చెప్పింది. పందిరి ఖాళీగా ఉందని, దానికి ఏం పాకించాలో ఇంకా తేల్చుకోలేదని అంది. పచ్చజాజి మాట నేను ఎత్తలేదు. చివరికి తనే ఎత్తింది. పిల్లలు చదువుకునే బల్ల పక్కన కిటికీ ఉందని, దాని కింద మట్టి గట్టు ఖాళీగా పడి ఉందని చెప్పింది. ఆ వారమే మా పొద కొమ్మనొకదానిని వంచి, కణుపు దగ్గర కాస్త చెక్కి, మట్టి కప్పి, పైన రాయి పెట్టాను. నేల అంటు బాగానే పట్టింది. మొన్న రాయి తీసి చూస్తే తెల్లని వేళ్ళు వేలెడు పొడవున ఉన్నాయి. ఈ ఏటి పూత అయ్యాక మార్చిలో తల్లి నుంచి కోసి ఆమెకు ఇవ్వాలి. మొదటి శీతాకాలం నాలుగైదు పూల కంటె ఎక్కువ ఆశించవద్దని, డిసెంబరులో కత్తెర పట్టుకోవద్దని ఆమెకు ఇప్పటికే చెప్పి ఉంచాను.